జీడిపిక్కల దిమ్మ

పాత వస్తువు కనబడితే దాన్ని విప్పి చూడకుండా ఉండలేని మనిషిని నేను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, వేలం వేసినప్పుడల్లా డయల్ తిప్పే నల్ల ఫోన్లు కొనుక్కుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఉద్యోగం వదిలాక ఆ పిచ్చి ముదిరింది. కాశీబుగ్గలో మా పెరటి వరండా నిండా ఇప్పుడు బొగ్గుల ఇస్త్రీపెట్టెలు, పెట్రోమాక్స్ లైట్లు, తూకం రాళ్ళు, ఇత్తడి తాళాలు. దీన్ని ఏ ఊళ్ళో చేశారు, మన ఊరికి ఎలా వచ్చింది, జనం ఎప్పుడు వాడటం మానేశారు అని ఆలోచిస్తూ కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. నాలాంటివాళ్ళు జిల్లాలో ఇంకొందరు ఉన్నారని తెలిశాక ఫోన్లో ఒక గ్రూపు కూడా పెట్టుకున్నాం. ఏదైనా కొత్తగా దొరికితే ఫోటో పెడతాం, తలా ఒక మాట అంటారు.

మొన్న ఎండాకాలం మొదట్లో మా చిన్నత్తకి కంటి ఆపరేషన్ అయింది. చిన్నత్త అంటే మా ఆయనకి పినతల్లి. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది వాళ్ళ ఊరు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడను చూడ్డానికి ఇద్దరం స్కూటరు మీద వెళ్ళాం. చిన్నత్త అప్పుడే చర్చి నుంచి వచ్చి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పెరట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఆ అద్దాల్లో ఆవిడ ఏదో సినిమాలో పోలీసు అధికారిలా కనబడింది. ఆ మాట అంటే నవ్వింది.

మునగచెట్టు కింద నేలలో పాతి ఉన్న ఇనప దిమ్మ మీద నా కన్ను పడింది అప్పుడే. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే. ఎప్పుడు వచ్చినా దాని మీద కాల్చిన జీడిపిక్కలు, చుట్టూ పెంకులు, పక్కన కర్ర సుత్తి ఉండేవి. పెద్ద తుఫానుకి తోటలు పడిపోయాక ఇంట్లో పిక్కలు కొట్టడం తగ్గిపోయింది. ఖాళీగా ఉన్న దిమ్మను చూడటం నాకదే మొదటిసారి. పైభాగం అరిగి అరిగి కంచం అడుగులా మెరుస్తోంది. దాని గుండ్రం చూస్తే కమ్మరి చేతి పని కాదని తెలిసిపోతోంది. లేత్ మిషను మీద తిప్పితే తప్ప అంత గుండ్రం రాదు. వంగి చుట్టూ మట్టి తీశాను. అంచుకి కొంచెం కిందగా పచ్చ పట్టిన రాగి పట్టీ ఒకటి, దాని మీద ఏటవాలుగా గీతలు.

"చిన్నత్తా, ఇది ఎక్కడిది?"

"దిమ్మా? మీ మావ తెచ్చినాడు. పెల్లయిన కొత్తలోన. సరుగుడు తోటల కాడ ఇసకలోన దొరికిందట, బుజాన ఎత్తుకొచ్చి ఇక్కడ పాతినాడు. రాయి మీద కొడితే పిక్క జారిపోతాది గదా, దీని మీద జారదు. పిల్లలందరికీ దాని మీద కూసోబెట్టే తానాలు పోసినాను."

నా బుర్ర అప్పటికే పరిగెడుతోంది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఒకప్పుడు బుల్లి రైలు నడిచేది. దాని ఇంజను తాలూకు ముక్క ఏదో నౌపడ ఉప్పు కొటార్ల దగ్గర పడవ ఎక్కి, దారిలో సముద్రంలో జారిపడి, ఇక్కడికి కొట్టుకొచ్చి ఉంటుందని అక్కడికక్కడే ఒక చరిత్ర అల్లేసుకున్నాను. రాగి పట్టీ ఉంది కాబట్టి ఆవిరి బయటికి పోకుండా బిగించిన పిస్టన్ అయి ఉంటుంది. ఇది నా వరండాలో ఉండాల్సిన వస్తువు.

"నాకిచ్చేస్తావా చిన్నత్తా?"

"ఏటి సేసుకుంటావు?"

"తుడిచి పెట్టుకుంటాను."

"పట్టుకెల్లిపో. ఇప్పుడు పిక్కలు కొట్టీదెవులు. కళ్ళు కనబడక మొన్న తన్నుకుని పడబోయినాను."

మా ఆయన చొక్కా విప్పి గునపం అందుకున్నాడు. చుట్టూ తవ్వుతుంటే గునపం రెండుమూడుసార్లు ఇనుముకి తగిలి ఖంగుమంది. బయటికి తీస్తే మోచేతి పొడుగుంది. నీళ్ళబిందె అంత బరువు. నేలలో ఉన్న కొస సన్నగా అయి మొండిగా ముగిసింది. అక్కడ మరతో బిగించిన మూత లాంటిది, దానికి అటూ ఇటూ చిన్న గాట్లు.

"మూత ఉందే," అన్నాడు మా ఆయన.

"ఇంటికెళ్ళాక విప్పుదాం," అన్నాను.

గోనెసంచిలో చుట్టి స్కూటరు మీద ఆయన కాళ్ళ మధ్య పెట్టుకున్నాం. ఉద్దానం జీడితోటల ఊళ్ళ రోడ్ల సంగతి ఆ వైపు తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రతి ఊరి మొగదలలోనూ స్పీడ్ బ్రేకరు. పలాసలో జనం మధ్య బండి ఒక్కసారి ఒరిగేసరికి సంచి జారి రోడ్డు మీద పడి దొర్లింది. జీడిపప్పు డబ్బాలు దించుతున్న కూలీ ఒకాయన పరిగెత్తుకొచ్చి ఎత్తి ఇచ్చాడు.

"ఏటి బావా ఇందులోన, బంగారమేటి?" అన్నాడు.

అందరం నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున్నే నీళ్ళపొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. కిరసనాయిలు పోసి తీగెల బ్రష్షుతో రుద్దుతుంటే మూత దగ్గర తుప్పు వదిలి, గాట్లు శుభ్రంగా బయటపడ్డాయి. స్పానరు పట్టించి చూశాను. కదల్లేదు. బిగుసుకుపోయిన మర వదలాలంటే వేడి చెయ్యాలి, ఇది పాత సామాన్లు విప్పేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే. పొయ్యిలో కొబ్బరిమట్టలు బాగా మండుతున్నాయి. బిందె దించేసి దీన్ని పొయ్యి మీద పెడదామని లేచాను. అంతలో, వేడి చేశాక రంగు మారిపోతుంది కదా, ముందు ఒక ఫోటో తీద్దామనిపించింది. తీసి గ్రూపులో పెట్టాను. 'నౌపడ బుల్లి రైలు పిస్టన్ అనుకుంటున్నాను, ఎవరికైనా తెలుసా' అని రాశాను.

బిందె అంచు పట్టుకోబోతుంటే ఫోను మోగింది. టెక్కలి తమ్ముడు. గ్రూపులో పాత చేతిగడియారాలు పోగుచేసే మనిషి. చాలా ఏళ్ళు మిలిటరీలో ఫిరంగుల దళంలో పనిచేసి వచ్చాడు. ఎప్పుడూ హాస్యంగా మాట్లాడేవాడు, ఆ రోజు గొంతు వేరుగా ఉంది.

"అక్కా, అదిప్పుడు ఎక్కడుంది?"

"నా ఎదురుగానే ఉంది తమ్ముడూ. మూత రావట్లేదు, వేడి చేద్దామని..."

"వద్దు. అక్కా, నేను సెప్పింది విను. దాన్ని ముట్టుకోకు. జరపకు. ఇంట్లో ఎవులున్నారు?"

"మీ బావ స్నానం చేస్తున్నారు."

"ఆయన్ని తీసుకుని వీధిలోకి వచ్చీ. పక్కిళ్ళోళ్ళని కూడా లేపీ. అది ఫిరంగి గుండక్కా. రాగి పట్టీ మీద గీతలు సూసినావా? గొట్టంలోంచి పేల్సినప్పుడు పడతాయి అవి. పేల్సినారు గానీ అది పేల్లేదు. మూత అంటున్నావే, అదే దాని ఫ్యూజు, గుండుని పేల్సీది."

నాకు మాట అర్థమైంది. ఒంటికి అర్థం కాలేదు. నా కాలికీ దానికీ మధ్య జానెడు దూరం. పొయ్యిలో మట్ట ఒకటి చిటపటమంది. వెనక్కి జరిగాను. స్నానాల గది తలుపు కొట్టి, "బయటికి రండి," అన్నాను.

"సబ్బుతో ఉన్నానే."

"అలాగే రండి."

నా గొంతులో ఏం వినబడిందో గానీ, ఆయన తువ్వాలు చుట్టుకుని ఒంటి నిండా నురగతో వచ్చేశాడు. ఇద్దరం వీధిలోకి పరిగెత్తాం. పక్కింటావిడ చంటిదానికి పాలు పడుతోంది. ఎదురింట్లో దోసెలు పోస్తున్నారు. ఇంట్లో బాంబుంది, బయటికి రండి అంటే మొదట ఎవరూ నమ్మలేదు. నా మొహం చూసి వచ్చారు. వీధి చివర షాపు అరుగు మీద నిలబడ్డాక చూసుకుంటే నా చేతిలో ఇంకా తీగెల బ్రష్షు ఉంది. పక్కావిడ దాన్ని నా వేళ్ళ నుంచి విడదీసి కింద పెట్టింది.

తమ్ముడు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి వీధికి రెండు వైపులా తాడు కట్టారు. టెక్కలి తమ్ముడు బస్సు దిగి వచ్చి, మాతో పాటు ఎండలో నిలబడ్డాడు. విశాఖపట్నం నుంచి బాంబులు తీసే మనుషులు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాళ్ళలో పెద్దాయన లోపలికి వెళ్ళి చూసి వచ్చి నన్ను అడిగాడు.

"దీన్ని ఇక్కడికి ఎలా తెచ్చారు?"

"స్కూటరు మీద."

"నేలలోంచి ఎలా తీశారు?"

మా ఆయన మెల్లగా, "గునపంతో," అన్నాడు.

ఆయన మా ఇద్దరినీ చూసి, ఇసక బస్తాలు దించమని తన మనుషులకి చెప్పాడు. మా మీద అరిచినా బాగుండేది.

ఇసక బస్తాల మధ్య పెట్టి, పేల్చెయ్యడానికి దాన్ని టెక్కలి వైపు వదిలేసిన గ్రానైట్ క్వారీకి తీసుకెళ్ళారు. దొరికిన సంగతి చెప్పాల్సినవాళ్ళం కాబట్టి మమ్మల్నీ వెనక జీపులో తెచ్చి దూరంగా ఒక బండ వెనక నిలబెట్టారు. మనసులో ఒక మూల, ఏమీ కాదు, లోపలంతా తుప్పు పట్టి చచ్చిపోయి ఉంటుంది అనుకుంటున్నాను. వాళ్ళు పెట్టే మందు శబ్దమే వినిపిస్తుందని తమ్ముడూ అన్నాడు.

అలా కాలేదు. శబ్దం చెవికంటే ముందు పాదాలకి తెలిసింది. నేల కింద నుంచి ఏదో తన్నినట్టయింది. తర్వాత చప్పుడు వచ్చి, క్వారీ గోడలకి తగిలి మళ్ళీ మళ్ళీ వచ్చింది. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. దుమ్ము తగ్గాక పెద్దాయన ఒక ముక్క తెచ్చి చూపించాడు. అరచేతి అంత ఇనుము, చుట్టూ రంపపు పళ్ళు.

"లోపల మందు ఇంకా బాగానే ఉందమ్మా," అన్నాడు. "పొయ్యి మీద పెట్టి ఉంటే మీ ఇల్లే కాదు, అటూ ఇటూ ఇళ్ళు కూడా ఉండేవి కావు."

ఏ వస్తువు కనబడినా ముందు చెయ్యి చాపే మనిషిని. ఆ ముక్కని ముట్టుకోలేకపోయాను.

ఎవరిది, ఎప్పటిది అని అడిగాను. పాతదే అన్నాడు గానీ ఏ దేశందో చెప్పలేనన్నాడు. ఏ ఓడ మీంచైనా పేల్చి ఉండొచ్చు, గురి నేర్చుకోడానికి పేల్చిందైనా కావొచ్చట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విశాఖపట్నం మీద బాంబులు పడితే జనం మన పల్లెలకి పారిపోయి వచ్చారని మా అమ్మమ్మ చెప్పేది. పల్లెల్లో భయం లేదని వచ్చారు. ఆ పల్లె ఇసకలోనే ఇది పడుకుని ఉందేమో. చరిత్ర అంటే వరండాలో తుడిచి పెట్టుకునేదని అన్నాళ్ళూ అనుకున్నాను.

రెండు రోజులు మా వీధి తిరునాళ్ళలా ఉంది. ఒక పార్టీ నాయకుడు వచ్చి తీరం భద్రత గాలికొదిలేశారన్నాడు. ఆయన వెళ్ళాక ఇంకో పార్టీ నాయకుడు వచ్చి, పోయిన ప్రభుత్వం ఏం చేసిందని అడిగాడు. ఇద్దరూ మా నీళ్ళపొయ్యి పక్కన నిలబడే ఫోటో దిగారు. నాకు వాళ్ళ మాటలు వినబడుతున్నాయి గానీ తలకెక్కడం లేదు. గిన్నె కింద పడినా ఉలిక్కిపడుతున్నాను.

ఆ వారంలోనే పోలీసులు తీరంలోని ఊళ్ళలో ఆటోకి మైకు కట్టి తిరిగారు. ఒడ్డున దొరికిన ఇనుము ఏదున్నా ముట్టుకోకుండా కబురు చెయ్యమన్నారు. ముట్టుకోవద్దన్న మాట ఎవరి చెవినా పడలేదు. చిన్నత్త ఊళ్ళో జనం లంగరు ముక్కలు, గొలుసులు, పీపా మూతలు మోసుకొచ్చి చర్చి ముందు ఇసకలో పడేశారు. మేం వెళ్ళేసరికి పోలీసులు అందరినీ వెనక్కి తోస్తున్నారు. ఆ కుప్పలో మా దిమ్మ లాంటిదే ఇంకొకటి ఉంది. కొంచెం చిన్నది. సముద్రం మీద వేటకి వెళ్ళే ఒకాయన ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారట. ఆయన భార్య ఇసకలో చతికిలబడి, "పిల్లలు దొర్లించుకుని ఆడుకునీవోరు," అని అదొక్క మాటే మళ్ళీ మళ్ళీ అంటోంది.

చిన్నత్తకి అప్పటిదాకా నేను పూర్తిగా చెప్పలేదు. కంటికి మంచిది కాదని మా ఆయన వద్దన్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళి చూస్తే ఆవిడకి అంతా తెలిసే ఉంది. మునగచెట్టు కింద గొయ్యి పూడ్చేసి ఉంది. ఆ వైపు పీట కూడా వేసుకోకుండా, గుమ్మంలో కూర్చుని కత్తిపీట మీద చేపలు కోస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఎన్ని దెబ్బలు కొట్టినానే దాని మీద," అంది. "కడుపుతో ఉన్నప్పుడు కూడా కొట్టినాను."

"ఊరుకో చిన్నత్తా."

"ప్రభువు సెయ్యి అడ్డం పెట్టినాడు. నేకపోతే ఏటి?"

ఆ గుండు ఎందుకు పేలలేదో పెద్దాయన కూడా చెప్పలేకపోయాడు.

ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నా వైపు తిరిగింది.

"అమ్మీ, అది ఎవులి మీద కొట్టినారు?"

"తెలియదు చిన్నత్తా."

"ఎవులికీ తగల్నేదు గదా?"

"లేదు. ఎవరికీ తగల్లేదు."

"అయితే సరే," అని ఇంకో చేప అందుకుంది. నేను లేచి, పొలుసు కడగడానికి నీళ్ళు తెచ్చాను.