మనిషికి రెండు డబ్బాలు

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. వేసవి సెలవుల్లో పన్నెండు పదమూడేళ్ళ పిల్లల్ని అడవికి తీసుకెళ్ళి ఈత, కొండలెక్కడం, పడవ నడపడం, విల్లు పట్టడం అన్నీ నేర్పిస్తారట. వెంట తెచ్చుకోవలసిన సామాన్లలో నీళ్ళ సీసాలు మూడు అని రాశారు. మా అబ్బాయి అది చూసి, "వీళ్ళెప్పుడూ ఎక్కువే రాస్తారు నాన్నా, రెండు చాల్లే" అన్నాడు. వాణ్ణి ఏమనను? వాడు నా కొడుకు, ఆ మాట వాడి నోటికి నా దగ్గర నుంచే వచ్చింది.

నరసరావుపేటలో మాది కిరాణా కొట్టు. ఎవరేది చెప్పినా అందులో సగం గాలి అని మా నాన్న నమ్మకం, ఆ నమ్మకంతోనే నన్ను పెంచాడు. అమ్మ మూడు గుక్కలు తాగమన్న కషాయాన్ని గుక్కన్నరకు దించేవాణ్ణి, అయ్యవారు ఇరవైసార్లు రాయమన్న ఎక్కాన్ని పదిసార్లకు ఒప్పించేవాణ్ణి. దాన్ని తెలివి అని కొట్టుకు వచ్చినవాళ్ళందరూ మెచ్చుకునేవారు, నేనూ అదే అనుకుని ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి. మీలో కొట్లలో పెరిగినవాళ్ళుంటే ఈ జబ్బు సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మా హైస్కూలుకు కొత్తగా వచ్చిన డ్రిల్లు మాష్టారికి పిల్లలు గోడల మధ్య కుళ్ళిపోతున్నారని బెంగ. ఆ వేసవిలో మమ్మల్ని ఎనిమిది మందిని ఏరి, ఇళ్ళకు వచ్చి పెద్దవాళ్ళను బతిమాలి, మాచర్ల రైలెక్కించాడు. మా ఎదురుకొట్టులో రేకుపని చేసే సాయిబును నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన కొడుకు, నేను ఒక బెంచీవాళ్ళం, వాడూ ఆ ఎనిమిది మందిలో ఉన్నాడు. కిరసనాయిలుకే కరువు గాని ఖాళీ డబ్బాలకు కరువు లేని కాలం గనక మామ ఆ రేకు కత్తిరించి, మూతలు బిగించి, భుజాన వేసుకునేందుకు పటకాలు కుట్టించి పదహారు నీళ్ళ డబ్బాలు చేసి మాకిచ్చాడు. అన్నిటికీ మేకుతో ఒక్కొక్క చుక్క గుర్తు కూడా పెట్టాడు.

ఎత్తిపోతల జలపాతం దగ్గర అడవి బంగళాలో దిగాం. బంగళాకు వచ్చేవాళ్ళకు దారి చూపే చెంచు తాత ఒకాయన ఉండేవాడు, మెళ్ళో తాడుకు కట్టిన ఇత్తడి బిళ్ళే ఆయన ఉద్యోగం. వారం రోజులు ఆ తాత, మాష్టారు కలిసి మా చేత చేయించని పని లేదు. పొద్దున చంద్రవంక వాగులో ఈత, ఎండెక్కేలోపు కొండ, సాయంత్రం బాణాలు. నా బాణం ముందుకు పోవడమే ఒక విశేషం. రేకు మామ కొడుకు మాత్రం నీళ్ళలో దిగితే చేపే, మేమంతా ఒడ్డున వగరుస్తుంటే వాడు అవతలి రాయి తాకి తిరిగొచ్చి మా మీద నీళ్ళు చల్లేవాడు. ఈ పిల్లవాణ్ణి జిల్లా పోటీలకు తీసుకెళ్తానని మాష్టారు మురిసిపోయేవాడు.

చివరి రోజు కొండ దాటి, లోయలో దిగి, నాగార్జునకొండ పక్కగా కృష్ణ ఒడ్డుకు నడిచి, అక్కడ పుట్టి పడవ ఎక్కాలని ఏర్పాటు. సరుకుల పెత్తనం కొట్టువాడి కొడుకునని నాకే అప్పగించారు. ముందురోజు సాయంత్రం నేను, రేకు మామ కొడుకు డబ్బాలు కడుగుతుంటే తాత వచ్చాడు.

"రేపు మనిషికి రెండు డబ్బాలు నింపుకోండి బిడ్డా. కొండ దిగినాక ఏరు చేరేదాకా చుక్క దొరకదు."

"రెండెందుకు తాతా, ఒకటి చాల్దా?"

"రెండు."

"పోనీ ఒకటిన్నర చేసుకో."

ఆయనకు నా మాట అర్థం కాలేదు. "నీళ్ళు బిడ్డా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. నా స్నేహితుడు పడీపడీ నవ్వాడు. "ఏందిరోయ్, నీళ్ళక్కూడా బేరమా? మీ నాయన్ను మించిపోయావు గదరా!" నేను పెద్ద వర్తకుడిలా చెప్పాను. "రెండన్నాడంటే లోపల ఒకటేరా. చానా బరువు, ఎవురు మోస్తారు?" ఎనిమిది డబ్బాలు నింపి, ఎనిమిది బంగళా వసారాలో గోడవారన బోర్లించాను.

తెల్లవారకముందే బయల్దేరాం. వీపున దుప్పటి మూటలున్నాయి, రెండో డబ్బా అందులో ఉందనుకుని తాత ముందు నడిచాడు. పల్నాటి ఎండ సంగతి మీకు తెలియనిదేముంది, కొండ దిగేసరికే కాళ్ళ కింద రాయి పెనమైంది. లోయలో మోదుగు చెట్టు నీడన కూలబడి ఉన్న నీళ్ళు ఊడ్చి తాగేశాక, తాత మామూలుగానే, "ఇక రెండోవి తియ్యండి" అన్నాడు.

ఎవరి మూటలోనూ రెండో డబ్బా లేదు. మాష్టారు నా వైపు చూశాడు. ఒక్క క్షణం పట్టింది, అంతే.

"తాతే ఒకటి చాలన్నాడు గదా సార్" అన్నాను.

తాత నన్ను తిట్టలేదు. "అట్నా బిడ్డా?" అన్నాడు. ఆ పక్కనే నా స్నేహితుడున్నాడు, వాడొక్కడే నిన్నటి మాట విన్నవాడు. వాడు నా కేసి చూసి తల దించుకున్నాడు.

ఇంకా రెండు కోసుల నడక, అంటే నాలుగు మైళ్ళు, మిగిలింది. నా స్నేహితుడు ముందు పాటలు పాడాడు, తర్వాత అర్థం లేని మాటలు మొదలుపెట్టాడు, చెమట ఆగిపోయి ఒళ్ళు నిప్పయింది, ఏరు కనుచూపు మేరలో మెరుస్తుండగా నేలకొరిగాడు. తాత ఉదయం నుంచీ మూత తియ్యని తన సొరకాయ బుర్ర వంచి ఉన్నదంతా వాడి నోట్లో, తల మీద పోసి, వాణ్ణి భుజాన వేసుకుని ఏటి వైపు పరుగెత్తాడు. అరవయ్యేళ్ళ మనిషి. మేం పుట్టి ఎక్కనేలేదు.

వాడు బతికాడు. కాని ఆ ఎండ వాడి నడకను, నాలుకను పట్టుకుపోయింది. అడుగు వేస్తే తూలేవాడు, మాట ముద్ద ముద్దగా వచ్చేది. ఇక ఈతేమిటి, బడేమిటి. బళ్ళో విచారణ జరిగింది, హెడ్మాష్టరు నన్ను పిలిచి అడిగితే అదే మాట మళ్ళీ చెప్పాను, రెండోసారి ఇంకా సులువుగా వచ్చింది. డ్రిల్లు మాష్టారు ఏ ఊరో బదిలీ అయి పోయాడు. అడవి మనిషికి లెక్కేం తెలుసని నలుగురూ తీర్పు చెప్పారు. తాత మెళ్ళో బిళ్ళ ఊడబీకారని తర్వాత తెలిసింది. మా నాన్న మాత్రం తన కొడుకు తప్పులో ఇరుక్కోకుండా మాట్లాడగలిగాడని నలుగురి దగ్గరా చెప్పుకున్నాడు.

నేను కొట్టు మీద కూర్చునే వయసొచ్చాక ఒకరోజు ధైర్యం చేసి ఎదురుకొట్టుకు వెళ్ళాను. వాడు తండ్రి పీట మీద కూర్చుని గరాటుకు అంచు మడుస్తున్నాడు. నేను అబద్ధం చెప్పానురా అన్నాను. వాడు సుత్తి పక్కన పెట్టి, ఒక్కొక్క మాటే కూడదీసుకుని, "బరువు... తగ్గిందని... నేనూ సంతోషపడ్డాలేరా" అన్నాడు. తిట్టి ఉంటే ఇంటికొచ్చి నిద్రపోయేవాణ్ణి.

తాత కోసం కూడా ఒకసారి వెళ్ళాను. గూడెంవాళ్ళు ఆయన పోయి చానాళ్ళయిందన్నారు.

ఆ తర్వాత సాగర్ కట్టారు. కిందటేడు మనవరాలితో లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళాను. కొండ ఇప్పుడు దీవి. లోయ, మోదుగు చెట్టు, వాడు పడిపోయిన దారి, ఏదీ లేదు, చుక్క దొరకదన్న చోట కన్ను ఆనినంత మేరా నీళ్ళే. లాంచీ నడిపేవాడు ఇక్కడ ఇంత లోతని చెబుతుంటే వెనక బెంచీ మీదినుంచి ఎవరో, "సగం తీసేయండి, వీళ్ళు పెంచి చెబుతారు" అన్నారు. అందరూ నవ్వారు. మనవరాలు నిజమేనా తాతా అని అడిగింది. లాంచీవాడు ఎంతన్నాడో అంతేనమ్మా అన్నాను.

సీసాలు మూడూ నేనే కొనుక్కొచ్చాను.