చెదలు తినని పేజీ

యాభై ఏళ్ళకు పైగా నా బైబిల్లో ఒక కాగితం మోస్తున్నాను. ఎంత బరువుంటుంది అంటారా? రావి ఆకంత. మోసీ మోసీ నేనే వంగిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే నోరు పెగులుతోందేమో.

ఇది ఓడలో కూర్చుని రాస్తున్నాను. మా అమ్మాయి నన్ను ఎల్‌బీ నగర్ ఇంట్లోంచి లాక్కొచ్చి, చెన్నైలో ఈ విహార ఓడ ఎక్కించింది. "సముద్రం జూడకుండనే పోతవా అమ్మా?" అంది. ఈ రోజు ఏ రేవూ రాదట. పొద్దుగూకేదాకా నీళ్ళే. దిగిపోదామన్నా దిగే చోటు లేదు. ఆ సంగతి నాకు పొద్దున్నే తెలిసొచ్చింది, హాల్లో తంబోలా ఆడిస్తున్నప్పుడు.

ఎదురు బల్ల దగ్గర నా ఈడు మనిషి, తెల్ల నేత చీర, ఎడమ చేత్తో అంకెలు కొట్టేస్తోంది. మధ్యమధ్య నన్నే చూస్తోంది. రాహేలుదీ ఎడమ చేతి వాటమే.

అరవై తొమ్మిదిలో దిల్‌సుఖ్‌నగర్‌లో నా పక్క గదిలో కిరాయికుండేది రాహేలు. ఇద్దరం ఒకే బడిలో పంతులమ్మలం. ఆమెది పర్మినెంటు, నాది ఎప్పుడు ఊడుతుందో తెలియని టెంపరరీ. నేను నల్గొండ పల్లె నుంచి వచ్చినదాన్ని. ఆమె మాట కోస్తా మాట, చదివింది గుంటూరు హాస్టల్లో. పుట్టింది ఇక్కడే అనేది. నేను నమ్మలేదు. వారం వారం బెజవాడ బస్సులో ఆమెకొక బుట్ట వచ్చేది. అందులో ఏం వస్తోందో, ఎవరు పంపుతున్నారో అని గోడకు చెవి పెట్టేదాన్ని. వచ్చేది గోంగూర. సగం తెచ్చి నాకే పెట్టేది. ఎందుకు పెడుతోందీ, నన్ను మంచి చేసుకోవడానికి కాదు కదా అని దాన్నీ అనుమానించాను. తింటూనే.

ఊరంతా తెలంగాణ ఉద్యమం. మా ఉద్యోగాలు మాకే అని మా తమ్ముడు ఊరేగింపులో లాఠీ దెబ్బలు తిని దవాఖానలో పడ్డాడు. ఆ కోపం అబద్ధం కాదు, ఈ రోజుకీ కాదనను. అప్పుడే పైనుంచి ఉత్తరం వచ్చింది. ఈ ప్రాంతం వాళ్ళమని తాసీల్దారిచ్చే ముల్కీ కాగితం చూపించాలి, లేకపోతే వెళ్ళిపోవాలి. రాహేలు అమ్మానాన్నలు పోయారు. ఆమె ఇక్కడి పిల్లేనని చెప్పగలిగింది ఒక్కటే, మా పెంకుల చర్చిలోని బాప్తిస్మపు రిజిస్టరు. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారికి చూపు ఆనదు. నా చేతిరాత బాగుంటుందని రిజిస్టరు నా దగ్గరే పెట్టారు.

వెతికాను. దొరికింది. మూడో వరుసలో ఆమె పేరు. ఆమె చెప్పిందంతా నిజం. నేను సంతోషించాలి కదా? నాకు కనిపించింది ఆమె పేరు కాదు, ఆమె కుర్చీ.

మర్నాడు గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, దొరికిందాండీ? సోమవారంలోగా నకలు ఇమ్మంటున్నారు."

"చూసిన రాహేలూ. లేదు. గా పేజీలన్ని చెదలు తిన్నయి."

"సరిగ్గా చూశారా అక్కా?"

"గట్లంటవేంది? నీకాడ నేను అబద్ధమాడ్తనా?"

"అయ్యో, అలా అనలేదక్కా. మీరెందుకు ఆడతారు?"

నమ్మింది. గోడకు చెవి పెట్టినదాన్ని నేను, నన్ను ఒక్క క్షణం కూడా అనుమానించనిది ఆమె. ఆ రోజే పేజీ చింపి బైబిల్లో పెట్టుకున్నాను. కాల్చెయ్యొచ్చుగా? చెయ్యి రాలేదు. అది పశ్చాత్తాపమా, భయమా, ఇప్పటికీ తెలియదు. ఆమె ట్రంకు పెట్టె పట్టుకుని, ఇప్పుడు మెట్రో ఆగే చోట, అప్పుడు జొన్న చేల మధ్య, బెజవాడ బస్సెక్కింది. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. రిటైరయ్యేదాకా లేవలేదు.

ఇక ఈ రోజు. టీ దగ్గరికి పోతే ఆవిడ అక్కడ. రెయిలింగు దగ్గరికి పోతే అక్కడా. ఓడంత ఓడలో నా వెనకే ఎందుకు? చివరికి పక్కనొచ్చి నిలబడింది.

"హైదరాబాదులో ఎక్కడండీ మీరు?"

హైదరాబాదని ఈవిడకెవరు చెప్పారు?

"మాది వరంగల్," అన్నాను. చూశారా, ముసలితనంలోనూ బుద్ధి మారలేదు.

కాబిన్లో దూరి గొళ్ళెం పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నానికి పోలేదు. గుర్తుపట్టింది. అడగడానికే వచ్చింది. ఏమని అడుగుతుంది? అడిగితే ఏం చెప్తాను? చెదలనా? సాయంత్రానికి విసుగొచ్చింది నా మీద నాకే. ఛీ, ఇంకెన్నాళ్ళే అనుకుని, బైబిలు చంకన పెట్టుకుని పైకెళ్ళాను. ఎండ వాలుతోంది. ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది.

"మీ పేరు?" అన్నాను.

"సావిత్రమ్మండి. మాది తణుకు. మీ అమ్మాయిగారు చెప్పారు, మీరూ తెలుగువారేనని, హైదరాబాదని. పలకరిద్దామంటే మీరేమో పారిపోతున్నారు!" అని నవ్వేసింది.

బతికిపోయాను అనుకోవాలి కదా? ఏడుపొచ్చింది. రోజంతా ఆమె కాకూడదని దణ్ణం పెట్టుకున్నదాన్ని, ఆమె కానందుకు ఏడ్చాను. పాపం సావిత్రమ్మగారు కంగారుపడి, "ఓడ పడలేదా అండీ?" అంటూ మంచినీళ్ళిచ్చారు. ఆవిడకేమీ చెప్పలేదు.

రాహేలు ఎక్కడుందో, అసలుందో లేదో ఎన్నడూ వాకబు చెయ్యలేదు. కనపడుతుందేమోనని భయం. క్షమించమని ఇక్కడ అడగను. అడగాల్సిన చోట అడగలేదు కాబట్టి. పేజీ ఒళ్ళో పెట్టుకున్నాను. సముద్రంలోకి వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? వదలను. ఆ సోమవారానికి రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. కింద సంతకం లేని నకలు చెల్లదని నాకు తెలుసు.

"రాహేలు. తండ్రి సువార్తికుడు యోహాను, తల్లి రూతమ్మ. పుట్టిన చోటు కర్మన్‌ఘాట్. బాప్తిస్మం పొందినది ఈ మందిరంలోనే."

అన్నీ స్పష్టంగా ఉన్నాయి రాహేలూ. చెదలు ఒక్క అక్షరం ముట్టలేదు.