కొయ్యూరు బస్సు కోచ్

నర్సీపట్నం నుంచి కొయ్యూరు వెళ్లే బస్సులో ఇరవై రెండేళ్లుగా టిక్కెట్లు కొడుతున్న కండక్టర్ కొండబాబుకి మనుషుల మొహాలు గుర్తుండవు. కాళ్లు గుర్తుంటాయి. అబద్ధమనుకుంటే ఎక్కి చూసుకోండి. కొండచీపుర్ల మోపు చాటున మొహమే కనబడకుండా ఎవరో ఆడమనిషి ఎక్కుతుంది. కొండబాబు ఆవిడ మడమల కేసి చూసి, "రాజులమ్మా, మొన్న గొడుగు మర్చిపోనావు, డ్రైవరు సీటు ఎనకాలుంది, తీసుకో" అంటాడు. ఆవిడ బుగ్గలు నొక్కుకుంటుంది. పక్కనున్నవాళ్లు తమ కాళ్లు లోపలికి ముడుచుకుంటారు, అదేదో దొంగతనం బయటపడినట్టు.

ఆ కొండబాబే డ్యూటీ లేని రోజుల్లో నర్సీపట్నం కాలేజీ గ్రౌండులో మన ఫుట్‌బాల్ క్లబ్బు కోచ్. విజిల్ అదే, గొంతూ అదే. ఆపాలంటే "హోల్డాన్!" అంటాడు, కదలాలంటే "రైట్ రైట్!" అంటాడు. పైఊళ్ల నుంచి వచ్చిన జట్లు మొదట్లో పడీపడీ నవ్వేవి. సగం ఆటయ్యేసరికి ఆ నవ్వు ఎటు పోయేదో పోయేది.

క్లబ్బుకి ప్రెసిడెంటు రాజుబాబు. బెల్లం వ్యాపారి. జెర్సీలు ఆయనవే, బంతులు ఆయనవే, ప్రతి ఆటగాడి వీపు మీదా ఆయన కొట్టు పేరే. మనిషి చెడ్డవాడు కాదు గానీ, పట్టిన పట్టు వదిలే రకం కూడా కాదు. "ఆట నీది, జట్టు నాది" అని కొండబాబుకి మొదటిరోజే చెప్పేశాడు. అంటే ఎవరు జట్టులోకి రావాలో, ఎవరు వేరే క్లబ్బుకి పోవాలో రాజుబాబు ఇష్టం. వచ్చినవాళ్లని ఆడించడం వరకే కొండబాబు పని. టోర్నమెంట్ రూలు ప్రకారం పాత క్లబ్బు కాగితం మీద సంతకం పెడితేనే ఆటగాడు కొత్త క్లబ్బుకి ఆడాలి. ఆ సంతకం రాజుబాబుది. అది పెట్టేటప్పుడు ఆయన మొహం చూడాలి, రిజిస్ట్రారాఫీసులో పొలం రాసిస్తున్నంత దర్జా.

పోయినేడు ఆ దర్జాయే కొంప ముంచింది. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, పాయకరావుపేట క్లబ్బులో ఆడే వీరేంద్ర అనే కుర్రాడి మీద రాజుబాబు మనసు పారేసుకున్నాడు. వాడికి బదులుగా మన డిఫెన్స్‌కి ప్రాణంలాంటి గంగులుని ఇచ్చేశాడు. గంగులుది కొయ్యూరు దారిలో ఓ పల్లె. వాడినీ అడగలేదు, కొండబాబునీ అడగలేదు. సంతకం పెట్టేసి వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పడేశాడు, అంతే.

గంగులు వాళ్ల పల్లెలో ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. పాపం వాడు ఎప్పట్లాగే శనివారం పొద్దున్న బూట్ల సంచీ భుజాన వేసుకుని, మర్నాడు మ్యాచ్ ఉందని బస్సెక్కాడు. ఆ కబురు వాడికి చెప్పాల్సిన పని కొండబాబు మీదే పడింది. గంగులు బూట్ల సంచీ మళ్లీ భుజానికెత్తుకున్నాడు. తర్వాతి స్టాపులో దిగిపోయి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలెట్టాడు. "రైట్ రైట్" అనడం మర్చిపోయి కొండబాబు వాడి కాళ్ల కేసే చూస్తుండిపోయాడు. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ బండి ఆపుకునే కూర్చున్నాడు.

వీరేంద్ర ఆటగాడే, కాదనలేం. కాకపోతే కాళ్లకి బంతి తగిలిందంటే పక్కనున్నవాడు వాడికి కనబడడు. సెమీఫైనల్లో ఓడిపోయాం.

ఈ ఏడు టోర్నమెంట్‌కి ముందు కొండబాబు బెల్లం కొట్టుకి వచ్చి, మెడలో విజిల్ తీసి కాటా మీద పెట్టాడు.

"ఎవులొచ్చినా, ఎవులెల్లినా కాగితమ్మీద నా సంతకం ఉండాల బాబూ. లేపోతే ఈ ఈల మీరే ఊదుకోండి."

రాజుబాబుకి ఒళ్లు మండిపోయింది. "టిక్కెట్లు కొట్టుకునేవోడివి, ఆటగాణ్ణి ఎంచడం నీకేటి తెలుసయ్యా? నేనంటే వీడియోలు సూస్తాను. నీకేటుంది?"

"నాకు బస్సుందండి. రేపు కొయ్యూరు సంత. నా డ్యూటీకి ఒకసారి రండి."

రాజుబాబు వెళ్లాడు. వీడి గుట్టు రట్టు చేసి రావాలనే వెళ్లాడు. మొదట్లో సీటు ఖాళీగా ఉన్నా కొండబాబు ఆయన్ని కూర్చోనివ్వలేదు, వెనకాల నిలబెట్టాడు. సంతరోజు కదా, బస్సు కిక్కిరిసిపోయింది. కోళ్లు, పనసకాయలు, చంటిపిల్లలు, పసుపు బస్తాలు. కొండమలుపులు మొదలయ్యాయి. మలుపు తిరిగినప్పుడల్లా జనమంతా ఇటు నుంచి అటు ఒరిగిపోతున్నారు. రాజుబాబు రెండు చేతులతో కడ్డీ పట్టుకుని మనసులో కొండబాబుని తిట్టుకుంటున్నాడు.

"అదుగో, ఆ పనసకాయ ఎత్తుకున్న గుంటడు," అన్నాడు కొండబాబు చెవిలో. "మొహం సూడకండి. కాళ్లు సూడండి. ఈ మలుపులో."

పందొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి వాడికి. భుజం మీద పనసకాయ, ఒక చెయ్యి దానికే సరి. రెండో చెయ్యి ఖాళీ. కడ్డీ పట్టుకోలేదు. రాజుబాబు కళ్లు చిట్లించి చూశాడు. బస్సు ఇంకా తిరగలేదు, డ్రైవరు ఇంకా స్టీరింగు తిప్పలేదు. వాడి కుడి మడమ మెల్లిగా లేచింది. బరువంతా ఎడమకాలి మీదికి జరిగిపోయింది. అప్పుడొచ్చింది మలుపు. బస్సులో అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. వాడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. పైగా పడబోతున్న ఒక ముసలావిడ వీపు వెనక వాడి ఖాళీ చెయ్యి ముందే సిద్ధంగా ఉంది. ఆవిడ ఆ చేతిమీద ఆనుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ నిలబడింది. వాడు ఆవిడకేసి కనీసం చూడనైనా చూడలేదు.

రాజుబాబు నోరెళ్లబెట్టాడు. తర్వాతి మలుపులో మళ్లీ చూశాడు. మళ్లీ అదే. ఆ తర్వాతదీ అదే. నిజం చెప్పాలంటే ఆయన ఒళ్లు గగుర్పొడిచింది. యాభై ఏళ్ల నుంచి బస్సులెక్కుతున్నాడు, ఒక్కనాడైనా ఇలాంటిదొకటి జరుగుతోందని ఎరగడు. ఈ కొండబాబు టిక్కెట్లు చింపుతూ, చిల్లర ఇస్తూ, జనాన్ని లోపలికి జరగమని అరుస్తూనే రోజూ ఇదంతా చూస్తున్నాడన్నమాట! దేవుడు వీడికి కళ్లు వేరే మట్టితో చేశాడేమో అనుకున్నాడు.

"రాబోయేది ముందే తెలవాల. పక్కోడు కనబడాల," అన్నాడు కొండబాబు. "బంతి కొట్టడం నేను నేర్పుతానండి. ఈ రెండూ నేర్పలేను."

వాడి పేరు చిట్టిబాబు. ఆ సాయంత్రమే రాజుబాబు కొట్టు లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు: ఆటగాళ్ల రాకపోకల్లో తుదిమాట కొండబాబుది. రాసిస్తుంటే ఎక్కడో ఓ మూల గుచ్చుకుంది గానీ, రాసిచ్చాడు.

ఇక చిట్టిబాబు ఆట గురించి ఏం చెప్పమంటారు? బంతి ఎక్కడ పడుతుందో అక్కడ వాడు ముందే ఉంటాడు. వాడు పాస్ ఇస్తే అందుకున్నవాడే ఉలిక్కిపడతాడు, తనిక్కడున్నట్టు వీడికెలా తెలిసిందా అని. ఎస్.రాయవరంలో గెలిచాం, చోడవరంలో గెలిచాం. మనం పుట్టి బుద్ధెరిగాక నర్సీపట్నం మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. ఆదివారం ఫైనల్, పాయకరావుపేటలో, పాయకరావుపేట జట్టుతోనే. కప్పు పెట్టడానికి రాజుబాబు కొట్లో దేవుడి పటం పక్కన చోటు కూడా ఖాళీ చేశాడు. కొండబాబుకైతే అదే నెలాఖరున రిటైర్మెంట్, బస్సుతో పాటే కోచింగూ వదిలేస్తానన్నాడు. కోచ్‌గా ఆయన చూడబోయే మొదటి ఫైనల్, చివరి ఫైనల్ కూడా అదే.

శుక్రవారం మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి కాగితంతో దిగాడు. చిట్టిబాబుకి హాస్టల్, కాలేజీలో సీటు, రోజూ ట్రైనింగ్. శనివారం సాయంత్రంలోగా పేరు నమోదవ్వాలి. నమోదయ్యాక మన తరఫున ఫైనల్ ఆడకూడదు. పోనీ వచ్చే ఏడు తీసుకోండయ్యా అంటే, వచ్చే ఏటికి వాడి వయసు దాటిపోతుంది. ఇదే మొదలు, ఇదే ఆఖరు.

బెల్లం దిమ్మల మధ్య పెద్దలు ముగ్గురూ కూర్చున్నారు, చిట్టిబాబు ఓ పక్కన నిలబడ్డాడు. నిజానికి రాజుబాబు ధీమాగానే ఉన్నాడు. సంతకం కొండబాబుది కదా, ఫైనల్ ముందు వాడెందుకు పెడతాడు? రాసివ్వడమే మంచిదయిందని లోలోపల మురిసిపోయాడు.

కొండబాబు పెన్ను మూత తీసి, కాగితం ముందు పెట్టుకుని, చిట్టిబాబుని పిలిచాడు.

"ఒరే, నీకేటి కావాలి? నేను సెప్పను, బాబుగారూ సెప్పరు. నువ్వే సెప్పు."

రాజుబాబు ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లలో ఎందరినో తెచ్చాడు, ఎందరినో పంపించాడు. ఈ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగ్గా వినలేదు. వెనక్కి నడిచి వెళ్లిపోయిన గంగులు గుర్తొచ్చాడు. ఓహో, ఈ సంతకం కొండబాబు ఇందుకా అడిగింది!

చిట్టిబాబు తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తి, కొండబాబు కళ్లలోకి చూసి చెప్పాడు. "ఉండిపోతాను మాస్టారూ. ఫైనల్ ఆడతాను. మీకోసం."

కొండబాబు మొహం చింకి చాటంత అయింది. "ఇన్నారా బాబూ, ఆడే ఉంటానంతన్నాడు," అని పెన్ను మూత పెట్టేశాడు. విశాఖపట్నం ఆయన కాగితం మడుచుకుని, సరేనండి అని లేచాడు.

రాజుబాబు ఎగిరి గంతేయాల్సింది. వెయ్యబోతూనే, ఎందుకో ఆయన చూపు కిందికి వెళ్లింది. చెప్పులు గుమ్మంలో విడిచొచ్చిన చిట్టిబాబు కాళ్లు. మొహం కొండబాబు వైపే ఉంది. కానీ కుడి మడమ మెల్లిగా లేచింది. బరువంతా ఎడమకాలి మీదికి, గుమ్మం వైపుకి, వెళ్లిపోతున్న ఆ మనిషి వైపుకి జరిగిపోయింది.

 కొట్లో ఇంకెవరూ చూడలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కూడా. పటం పక్కన ఖాళీ చోటు కనబడుతూనే ఉంది. ఆయన ఆ చోటు కేసి చూశాడు, మళ్లీ ఆ కాళ్ల కేసి చూశాడు. చూడకుండా ఉండగలిగితే బాగుండును! ఒకసారి తెలిశాక చూడకుండా ఎలా ఉంటాడు?

"కొండబాబూ," అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. "మలుపొస్తందయ్యా. ఆడి కాళ్లు సూడు."

కొండబాబు చూశాడు. ఊళ్లో అందరి కాళ్లూ చూసిన మనిషి, ఇవాళొక్కరోజు మొహం చూసి ఊరుకున్నాడు, ఆ మొహం తనక్కావలసిన మాట చెప్పింది కనక. 

"ఓలమ్మ... నేను సూడనేదు బాబూ," అన్నాడు తల వంచుకునే. "ఆశ కమ్మీసింది."

గుమ్మం దాకా వెళ్లిన విశాఖపట్నం ఆయన్ని వెనక్కి పిలిచి, కాగితం తీసుకుని, మళ్లీ పెన్ను మూత తీశాడు. ఒక్క అక్షరం వదలకుండా సంతకం పెట్టాడు. చిట్టిబాబు ఏదో అనబోతే వినిపించుకోలేదు. "ఎల్లరా. బేగి ఎల్లు. రైట్ రైట్!" అన్నాడు, కళ్లు తుడుచుకోకుండానే.

ఆదివారం ఫైనల్లో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. అవతలి డిఫెన్స్‌లో గంగులు కొండలా నిలబడ్డాడు, ఒక్క బంతినీ దాటనివ్వలేదు. ఆటయ్యాక రాజుబాబు అంత జనంలోనూ వాడి దగ్గరికి వెళ్లి, "నిన్నొక మాట అడగాల్సిందిరా. తప్పయిపోయింది," అన్నాడు. గంగులు ఆయన చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

నెలాఖరు వచ్చింది. కొండబాబు ఆఖరి డ్యూటీ. పొద్దున్న కొయ్యూరు బస్సులో రాజుబాబు ఎక్కాడు, దండ పట్టుకుని. దండ వేయడం అయ్యాక వెళ్లి వెనకాల నిలబడ్డాడు.

"కూకోండి బాబూ, సీటుంది."

"ఉండనీవయ్యా. సూడాల."

మలుపులొచ్చాయి. రాజుబాబు వంగి వంగి అందరి కాళ్లూ చూసుకుంటూ కడ్డీ సంగతే మర్చిపోయాడు. బస్సు ఒక్కసారి తిరిగింది. పడ్డాన్రా దేవుడా అనుకున్నాడు. పడలేదు. తన వీపు వెనక ఒక అరచెయ్యి అప్పటికే సిద్ధంగా ఉంది.

వెనక్కి తిరిగి చూశాడు. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకున్న ఒక కుర్రాడు. వాడి చూపు కిటికీ బయట ఎక్కడో ఉంది.

"హోల్డాన్!" అని రాజుబాబు అరిచిన అరుపుకి బస్సు కొండ మధ్యలో ఆగిపోయింది. కోళ్లు గోల పెట్టాయి, జనం తిట్టారు, ఏటయింది ఏటయిందంటూ కొండబాబు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. వచ్చి, ఆ కుర్రాడి కాళ్లు చూసి, రాజుబాబు మొహం చూసి, ఊదబోయిన విజిల్ దించేశాడు.

రాజుబాబు మాత్రం కొండబాబు కేసి చూడనేలేదు. ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నాయనా, నీ పేరు తరవాత సెబుదువుగాని. ముందిది సెప్పు. నీకు ఆడాలనుందా?"