కిరణం దారి లెక్కగట్టిన మాస్టారు

మా మాస్టారు సోమవారం పోయారు. నాకు గురువారం గాని తెలియలేదు. చందానగర్‌లో ఆయన పక్కింటావిడ ఫోన్ చేసి, "పెద్దకర్మకైనా వస్తారేమోనని చెబుతున్నానండి" అన్నారు.

ఎమ్మెస్సీలో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. రెండేళ్ల క్రితం మాదాపూర్‌లోని మా కంపెనీకి ఒక విదేశీ ప్రయోగశాల పని వచ్చింది. కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రంలోంచి వచ్చే కిరణాన్ని అయస్కాంతాలతో వంచుతూ, గొట్టం గోడకు తగలకుండా చివరిదాకా చేర్చాలి. ఆ దారిని లెక్కగట్టే ప్రోగ్రాం మేం రాయాలి. మాలో ఎవరికీ ఆ గణితం రాదు. నేను మాస్టారి దగ్గరికి పరిగెత్తాను.

రిటైరైన మనిషి. నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం వరండాలో కూర్చోబెట్టి, పాత క్యాలెండర్ల వెనక రాసి చూపించారు. ఒక్కో అయస్కాంతానికి ఒక మాత్రిక, అంటే అంకెల పట్టిక. వాటిని వరసగా గుణిస్తే కిరణం ఎక్కడ తేలుతుందో తెలుస్తుంది. చెబుతూ చెబుతూ చల్లారిన టీనే తాగేసేవారు.

తీరా ప్రోగ్రాం నడిపితే కిరణం గోడకు కొట్టుకుంది. లబ్ధానికి డిటర్మినెంటు అనే విలువ ఒకటి రావాలి, వచ్చింది; మా తనిఖీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మాస్టారు ఒక్క కణాన్ని తీసుకుని మూడు రోజులు చేత్తో లెక్క వేశారు. మేం మాత్రికల వరస తిరగేసి గుణించామని అప్పుడు తేలింది.

"డిటర్మినెంటు ఒకటి వచ్చిందని మురిసిపోకు నాయనా. తిరగేసినా ఒకటే వస్తుంది. కణం వెంట చివరిదాకా నడిచి చూడాలి" అన్నారు.

నివేదికలో బయటివాళ్ల పేరు వద్దన్నాడు మేనేజరు. పద్ధతి రూపొందించింది నేనని అచ్చయింది. ఆ వేసవిలో నాకు ప్రమోషన్ వచ్చింది. నివేదిక ఏమైందని మాస్టారు రెండుసార్లు అడిగితే ఇంకా అచ్చు కాలేదన్నాను.

ఒక మధ్యాహ్నం ఆయనే ఆఫీసుకు వచ్చారు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "ఎవరో పెద్దమనిషి వచ్చిండు సార్. మీకు లెక్కలు చెప్పిన్నంటుండు. పైకి పంపాల్నా?"

మీటింగులో ఉన్నానని చెప్పమన్నాను. గంట తర్వాత కిందికి దిగాను. వచ్చేవాళ్లు చూడటానికి రిసెప్షన్ బల్ల మీద ఉంచే మా నివేదిక తెరిచి ఉంది.

"మొత్తం చదివిండు సార్. పెన్ను అడిగి ఏందో దిద్దిండు" అన్నాడు సెక్యూరిటీ అతను.

లోపలి పేజీలో ఒక మాత్రికలో మైనస్ గుర్తు అచ్చులో తప్పిపోతే, అక్కడ పెట్టారు. నా పేరున్న పేజీని తాకనైనా లేదు.

ఇది నివాళి అనుకుని చదువుతున్నవారు నన్ను క్షమించకండి. అప్పటికి ఆయన ఇంకా రోడ్డవతలే ఉన్నారు. కొత్త భవనానికి రాళ్లు మోసే లారీల దుమ్ములో నిలబడి, వచ్చే బస్సుకు చెయ్యెత్తారు. అది ఆగలేదు. ఆయన చెయ్యి దించుకుని, కళ్లద్దాలు పంచె చెంగుతో తుడుచుకున్నారు. నేను రోడ్డు దాటలేదు.