ఇద్దరు కలిసి పొమ్మన్న టీచర్

ఈ ఉదయం జడ వేసుకుంటుంటే కుడి భుజం మీద కమిలిన మచ్చ కనిపించింది. నిన్న మా తెలుగు టీచర్ శవపెట్టెను నేను మోసిన చోటు అది. మొన్న మధ్యాహ్నం భద్రాచలం దవాఖానాలో ఆమె పోయారు. ఎస్టీడీ బూత్ నుంచి ఆ కబురు చెప్పింది, ఒకప్పుడు మా క్లాసులో చదివిన హాస్టల్ అమ్మాయి. చివరి వారమంతా టీచర్ దగ్గర ఉన్నది కూడా తనే.

కాన్వెంటులో టీచర్ మాకు వ్యాకరణం చెప్పేవారు. అతను పడ్డాడు. ఆమె పడింది, ఆవు పడింది, కుర్చీ పడింది. ఆడవాళ్లు ఇద్దరైతే మాత్రం, మగవాళ్లలాగే, పడ్డారు. కళ్లద్దాల పైనుంచి మమ్మల్ని చూసి అన్నారు: “ఒక్కదానివైతే కుర్చీ లెక్క, ఇద్దరైతే మనుషుల లెక్క. ఎటన్న పోతే ఇద్దరు కలిసి పోర్రి.” చాక్‌పీసు తేవడానికైనా ఏ పిల్లనూ ఒంటరిగా పంపేవారు కాదు.

అందరం నవ్వాం. టేకులపల్లి అవతల అడవి పల్లె నుంచి వచ్చిన ఆ హాస్టల్ అమ్మాయి వెనక బెంచీలో లేచి నిలబడింది.

“మా ఇంటి భాషల ఎంతమంది ఆడోళ్లు కూడినా కుర్చీ లెక్కనే టీచర్.”

టీచర్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. తెలుగులో ఎప్పుడూ ఫస్టు నేనే. నా బెంచీలో టీచర్ ఒక్కసారీ కూర్చోలేదు.

ఆ తర్వాత బజారుకైనా చర్చికైనా టీచర్‌కు తోడు ఆ అమ్మాయే. నేను ఇంట్లో ఆలోచించి సందేహాలు తయారుచేసుకుని వెళ్లేదాన్ని. “నీకు తెలుసు గద బిడ్డా, ఊకె అడుగుతున్నవ్,” అనేవారు. నిజమే.

నిన్న చర్చి బయట మగవాళ్లు పెట్టె ఎత్తబోతుంటే ఆ అమ్మాయి చెప్పులు విడిచి ముందుకు వెళ్లింది. ఆడవాళ్లు పూలు పట్టుకుని వెనక నడవడమే మా దగ్గర పద్ధతి. ఆడోళ్లు మోయరు బిడ్డా అన్నాడు సంఘ పెద్ద.

“టీచరే చెప్పింది పెద్దయ్యా. మా పిల్లలే మొయ్యాలె అన్నది.”

నాకు చెప్పలేదు. పైగా, సొంత తల్లిని అన్నట్టు ‘చెప్పింది’ అంటోంది. ఇన్నేళ్లూ నేను ‘చెప్పారు’ దగ్గరే ఆగిపోయాను.

“ఒక్కదానివి ఏం మోస్తవ్?” అన్నాడాయన.

ఆమె జనంలో నాకోసం వెతికింది. “ఇద్దరం ఉన్నం,” అని నావైపు చెయ్యి చాపింది.

ముందు వైపు మేమిద్దరం, వెనక ఇద్దరు మగవాళ్లు. దారిలో భుజం మార్చుకుందామని ఎవరో వచ్చారు. నేను ఇవ్వలేదు. సమాధుల తోట దాకా మోశాను.

ఆ అమ్మాయి నాకంటే పొట్టి. ముందు వైపు బరువంతా నా మీదే పడింది.