చెంబుడు నీళ్లు లేపే కట్టె

మా మామకు పక్షవాతం వచ్చిన ఏడు మా వీధిలోకి మొదటి టీవీ వచ్చింది. ఊరంతా ఆ ఇంటి వాకిట్లో కూర్చుంటే మేము మిర్యాలగూడ దవాఖానలో ఉన్నాం. నెల తిరిగేసరికి కాలు కదిలింది. మాట ముద్దగానైనా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

అంతకు ముందు ఆయన త్రిపురారం దిక్కు కాలువ గట్టున వారానికి రెండు మూడు రోజులు గాలం వేసేవాడు. బంగారు తీగ, బొచ్చె చేపలు తెచ్చేవాడు. ఇంటికొచ్చాక అన్నం ఎడమచేత్తో తినడం నేర్చాడు గానీ ఎవరినీ కలిపి పెట్టనివ్వలేదు. అంగీ గుండీలు ఒంటిచేత్తో పెట్టుకోవడం కుదరలేదు, ఇంకొకరిని పెట్టనివ్వడు. అంగీ లేకుండా గడప దాటే మనిషి కాదు. మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒకనాడు మా ఆయన అడిగాడు. "నాయినా, కాలువకు పోదామా?"

"ఏ కట్టెతోని? ఆ పాత కట్టె నేనెత్తుడు కాదు, అదే నన్ను కాలువల పడేస్తది."

మా ఆయన సూర్యాపేటకు పోయి వెదురు తెచ్చాడు. పెద్ద చేపకు పెద్ద కట్టె కావాలని మణికట్టంత లావుది ఏరుకొచ్చాడు. మామ పడుకున్న చోటు నుంచే అన్నాడు. "చెంబు కట్టు."

అది ఆయన పరీక్ష. నిండు చెంబును కట్టె కొసకు దారంతో కట్టి మెల్లగా లేపాలి. కొస వంగితే చెంబు తొణకకుండా పైకొస్తుంది. వంగని కట్టె అయితే చెంబు ఎగిరి నీళ్లు ఒలికిపోతాయి. చేప మూతి మెత్తన, వంగని కట్టెతో గుంజితే చినిగిపోతుందని ఆయన లెక్క. మా ఆయన రెండు చేతులతో లేపితే ఒక్క చుక్క మిగల్లేదు.

"బొచ్చెను పట్టనీకెనా, బర్రెను కట్టేయనీకెనా ఇది తెచ్చినవ్?"

రెండోసారి కోదాడ పోయాడు. అక్కడ దారం చుట్టే చక్రం ఉన్న ఫైబరు కట్టె కొన్నాడు. "ఇది వంగుతుందండి, విరగదండి అని దుకాణమాయన చెప్పిండు," అని వాకిట్లో అందరికీ వినపడేట్టు అన్నాడు. నిజమే, చెంబు చుక్క ఒలకకుండా లేచింది. మామ లేచి కూర్చున్నాడు. కట్టెను ఎడమచేతికి తీసుకుని చక్రం వైపు చూశాడు. చక్రం తిప్పడానికి ఇంకో చెయ్యి కావాలి. మాకిద్దరికీ ఆ సంగతి అప్పుడు తట్టింది.

"కట్టె మంచిదే. సేతులే ఒకటి తక్కువున్నయ్," అని మళ్లీ గోడవైపు తిరిగాడు.

వానాకాలం తడిబట్టలు ఆరేయడానికి మా పొయ్యి మీద ఒక సన్నని వెదురు దండెం ఉండేది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి పొగ తాగి నల్లబడి, ఎండి, ఎత్తితే బరువే తెలిసేది కాదు. దాన్ని దించి పెరట్లో చెంబు కట్టాను. కుడిచెయ్యి బొడ్లో చెక్కుకుని ఎడమచేత్తో లేపాను. మొదటిసారి నీళ్లన్నీ నా కాళ్ల మీదే. తరువాత మొదలు నుంచి మూరెడు పైన పట్టుకుని, మోచేతిని నడుముకు ఆనించాను. ఈసారి చెంబు వచ్చింది.

మా ఆయన చూశాడు. "ఏందే, గాలం నువ్వేస్తవా?"

"నీ బేరాలు సూసినంక ఇగ నేనే ఎయ్యాలె."

మామకు ఇచ్చి, మోచెయ్యి ఎట్లా ఆనించాలో చూపించాను. ఆయన లేపితే సగం ఒలికింది. చెంబులోకి తొంగి చూసి, "సగమున్నయ్. సగం చేపన్న వస్తది," అన్నాడు.

మర్నాడు పొద్దున అంగీ బదులు తువ్వాల కప్పుకుని నా వెంట కాలువకు వచ్చాడు. తవుడు ముద్దను తొడమీద పెట్టి తానే పిసికి గాలానికి గుచ్చాడు. చాలాసేపటికి బెండు మునిగింది. దండెం కొస విల్లులా వంగింది. నేను ముందుకు జరిగాను.

"జరుగు! సెయ్యి పెట్టకు!"

ఎత్తలేదు. కట్టెను నడుముకు ఆనించుకుని ఒక్కొక్క అడుగే వెనక్కి నడిచాడు. చేప గట్టు వాలు మీదికి జారుతూ వచ్చింది. జానెడు మీద నాలుగు వేళ్లుంటుంది, బంగారు తీగ. కట్టె కిందపెట్టి గాలం తీయబోయాడు. చేప జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. చేపను నా వైపు జరిపాడు.

"బిడ్డా, గాలం నువ్వు తియ్యి. గది రెండు సేతుల పని."

తీశాను.

"మూతి సినిగిందా?"

"లేదు మామా."

"అయితె కట్టె మంచిదే."

తెల్లారి అంగీ తొడుక్కుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. నేను చేతులు తుడుచుకుని నాలుగు గుండీలూ పెట్టాను. కట్టె పట్టుకుని పోయాడు.

దండెం జాగాలో మా ఆయన తాడు కట్టాడు. అది సాగి, ఆరేసిన నా చీర కొంగు రెండుసార్లు పప్పుగిన్నెలో పడింది. వెదురు తెస్తానన్నాడు. లావుది తేవద్దని చెప్పి పంపాను.