బొంతల పనికి ఇంకొకరి గొంతు

ఉదయగిరిలో మా ఇంటి వెనక వసారాలో నేను బొంతలు కుడతాను. పాత చీరలను నాలుగైదు పొరలుగా నేల మీద పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో నిమిరి, మూలల్లో రాళ్ళు పెట్టి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోవాలి. కుట్టేది కూడా దాని మీద కూర్చునే. అందువల్ల సగం కుట్టిన బొంత మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఉన్నట్టు అనిపించదు నాకు. కింద ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరివో పురుళ్ళు, ఎవరివో ఎండాకాలాలు మెత్తగా పరుచుకుని ఉంటాయి. ఒక చీరలో కర్పూరం వాసన, ఇంకోదాంట్లో పెట్టె అడుగున ఎన్నేళ్ళో పడున్న కలరా ఉండల వాసన. వానాకాలం కొండ మీదికి మబ్బు దిగితే కోట గోడలు ఒక్కొక్కటే కనపడకుండా పోతాయి. పక్క వీధిలో కొయ్య గరిటెలు చెక్కే చప్పుడు మాత్రం ఆ మసకలోంచి వస్తూ ఉంటుంది. ఆ చప్పుడుకీ నా సూదికీ ఎప్పుడో లయ కుదిరిపోయింది.

పని నేర్పింది మా అవ్వ. వ్యాపారం అవుతుందని ఆమె అనుకోలేదు, నేనూ అనుకోలేదు. చుట్టాల్లో ఒకరి బిడ్డకు కుట్టిచ్చిన బొంతను ఆ పిల్ల తల్లి ఫొటో తీసి పదిమందికీ చూపించింది. అక్కణ్ణించి హైదరాబాదు నుంచి ఒకరు, బెంగుళూరు నుంచి ఒకరు అడగడం మొదలుపెట్టారు. కొరియర్‌లో చీరలు వచ్చేవి, బొంతలై పోయేవి.

చీరలు ఒక్కటే వచ్చేవి కావు. వాటి వెనకే వాయిస్ మెసేజీలు వచ్చేవి. ఈ గళ్ళ చీర మా అమ్మ బడికి కట్టుకుని పోయేది అని ఒకరు, ఈ పసుపు చీర మీద మరక ఉంది, అది మామిడికాయ పప్పు మరక, దాన్ని పైకి కనపడేట్టే పెట్టండి అని ఒకరు. మొదట్లో అవి వింటూ కుట్టేదాన్ని. ఎక్కడో ఉన్న మనుషులు నా వసారాలోకి వచ్చి, గోడకానుకుని కూర్చుని, నిదానంగా మాట్లాడి పోతున్నట్టు ఉండేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కలలాగే ఉంటాయి.

తర్వాత తర్వాత గొంతులు ఎక్కువయ్యాయి. పార్సిల్ చేరిందా, బొంత ఎప్పటికి అవుతుంది, ఉతికితే రంగు పోతుందా, కొంచెం పెద్దది కుట్టగలరా. సూది దించేలోపు ఫోన్ మోగేది. మెసేజీలన్నీ వినే తీరిక లేక రెట్టింపు వేగంతో వినడం అలవాటు చేసుకున్నాను. అమ్మను తలుచుకుని ఆగి ఆగి మాట్లాడే మనిషి కూడా ఆ వేగంలో గలగలా చిలకలాగా పలికేది. నాకు కావలసిన కొలతా తేదీ ఏరుకుని మిగతాది వదిలేసేదాన్ని.

మా ఆయన ఎరువుల అంగట్లో పని చేస్తాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, వసారాలోకి తొంగి చూసి ఒకరోజు అన్నాడు.

"ఏందిమే, బొంతలు కుట్టేదానివా, ఫోన్ ఎత్తేదానివా? ఏదో ఒకటి తేల్చుకో."

"ఎత్తకపోతే గిరాకీ పోతాది గదయ్యా."

"కుట్టకపోయినా పోతాది" అని కంచం ముందు కూర్చున్నాడు.

మా ఆడబిడ్డది ఆత్మకూరు. ఒకసారి చూసిపోదామని వచ్చి, నా అవస్థ చూసి ఆమె చెప్పింది. "వర్చువల్ అసిస్టెంట్ అని పెట్టుకుంటారంట వొదినా ఇప్పుడు. మనిషి నీ కాడికి రావక్కర్లే. ఆమె ఇంట్లోనే ఉంటాది. నీ ఫోన్ పనంతా అక్కణ్ణించే చూసుకుంటాది."

నాకు నవ్వొచ్చింది. "నా పనెంత, దానికి అసిస్టెంటా? కంపెనీ పెట్టినానా ఏంది నేను?"

"కంపెనీ లేకపోతే మాయె. చేతులు రెండే ఉండాయి గదా నీకు."

నవ్వి ఊరుకున్నాను గాని ఆ మాట మనసులో ఉండిపోయింది. కుడుతూ కుడుతూ ఆలోచించేదాన్ని. రంగులు పక్కపక్కన పేర్చడం, ఏ చీర పైకి రావాలో ఏది లోపల దాక్కోవాలో చూడటం, కుట్టడం, ఇవి ఇంకొకరికి ఇచ్చేవి కావు. పార్సిల్ ఎక్కడుందో చెప్పడం, అడ్రసు కనుక్కోవడం, ఇవి ఎవరైనా చేస్తారు. ఇంతవరకూ తేలిగ్గానే తెమిలేది. వినడం దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆగిపోయేది. వాళ్ళు నన్ను నమ్మి చెప్పుకుంటున్న మాటలు ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో ఎలా పెట్టేది? నా గొంతు కోసం వచ్చిన వాళ్ళు ఇంకో గొంతు వింటే ఏమనుకుంటారు? ఇంకొంచెం పని పెరగనీ, అప్పుడు చూద్దాం అనుకునేదాన్ని. పెరిగాక, ఇప్పుడు మనిషిని వెతికి పని నేర్పే తీరిక ఎక్కడిది అనుకునేదాన్ని.

తేలిపోయింది మాత్రం ఒక వాన రోజున. పొద్దున్నే దారం ఎక్కించి, ఒక తెల్ల నూలు చీర అంచులో సూది గుచ్చి ఉంచాను. అంతలో ఫోన్. దాని వెనక ఇంకోటి. మాట్లాడుతూ వంటింట్లోకీ వీధి గుమ్మంలోకీ తిరిగాను. సాయంత్రం మబ్బు విడిపోయి కొండ మీద లేత ఎండ పడింది. ఆ ఎండ వసారాలోకి వచ్చి చీర మీద పడ్డప్పుడు చూశాను. సూది ఎక్కడ గుచ్చానో అక్కడే ఉంది. ఒక్క కుట్టు పడలేదు. ఆ రోజంతా నేనెక్కడున్నాను అని నన్నే నేను అడుగుతూ కాసేపు దాని పక్కన కూర్చున్నాను. బాధ కాదు, ఇల్లు వదిలి ఎటో పోయి వచ్చినట్టుగా ఉంది. లేచి ఆడబిడ్డకు ఫోన్ చేశాను.

"ఆ మనిషెవరో కనుక్కో" అన్నాను.

మర్నాడే ఒక గొంతు ఫోన్ చేసింది. నాకంటే పెద్దామె. మా ఆడబిడ్డ వాళ్ళ వీధిలోనే ఇల్లు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో చాలా ఏళ్ళు పని చేసి, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక మానేసిందట. ఇంట్లో కంప్యూటరు ఉంది, తెలుగూ ఇంగ్లీషూ టైపు కొడుతుంది. గొంతు మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

"ముందే ఒక మాట చెప్తా అమ్మా" అంది. "నువ్వైనట్టు నేను మాట్లాడను. అట్ల చేయడం నాకు చేతకాదు. నేను ఫలానా, ఆమె కాడ పని చేస్తా ఉండాను అనే చెప్తా."

"అట్లే కానీ అక్కా."

"ఆదివారం పొద్దున చర్చికి పోతాను. ఆ పూట ఫోన్ ముట్టుకోను."

"నేను కూడా ముట్టుకోనులే అయితే" అన్నాను. నవ్వింది.

ఇచ్చేదెంతో మాట్లాడుకున్నాం. నా బొంతల నంబరుకు వచ్చే మెసేజీలు ఆమె కంప్యూటరులో కూడా కనపడేట్టు మా ఆడబిడ్డ కలిపి పెట్టింది. పార్సిళ్ళూ తేదీలూ అడ్రసులూ ఆమెవి. చీరల గురించి చెప్పుకునే మాటలు మాత్రం నేనే వింటానని చెప్పాను. సరేనంది.

మొదటి వారం నాకు ఏమీ తోచలేదు. నిశ్శబ్దం వసారాలోకి వచ్చి కూర్చుంది. సూది దిగే చప్పుడు నాకే వినిపించేది. గరిటెలు చెక్కే వాళ్ళు కూడా ఎక్కడికో పోయి తిరిగొచ్చినట్టు, ఆ టకటకలు మళ్ళీ చెవిన పడ్డాయి. ఉండబట్టలేక మధ్యమధ్య ఫోన్ తీసి, ఆమె రాసిన జవాబులు చదువుకునేదాన్ని. ఒకరికి ఇలా రాసింది: "మీ చీరలు చేరాయి. ఎండలో ఆరేశారు. నీలం చీర అంచు చాలా బాగుందని ఆమె అన్నారు."

వెంటనే ఫోన్ చేశాను. "నేను అట్ల చెప్పలేదే అక్కా?"

"చీరలు చేరినాయని ఫొటో పంపినావు గదా. అన్నిటినీ దూరం నుంచి తీసి, ఆ అంచును మాత్రం దగ్గరికి పోయి తీసినావు. బాగుందనే గదా?"

నిజమే. ఆ అంచు ముందు నేను చాలాసేపు కూర్చున్నాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు జలదంకి వైపు నుంచి ఒకాయన చీరల సంచీ పంపించాడు. పెళ్ళిరోజుకు భార్యకు తెలియకుండా ఆమె పాత చీరలతోనే బొంత కుట్టించి ఇవ్వాలని ఆయన కోరిక. పెద్ద మెసేజీ పెట్టాడు. పాత అలవాటు కొద్దీ నేను దాన్ని వేగంగా తిప్పి కొలతా తేదీ పట్టుకున్నాను. సంచీలో ఒక ఎర్ర చీర ఉంది, మామిడి పిందెల అంచుతో. కొంగు ఎంత బాగుందంటే, దాన్ని చదరంగా కోసి నట్టనడుమ పెడదామనిపించింది. మిగతా చీరలు పరిచాను. కత్తెర తీసుకున్నాను. మబ్బు పట్టిన మధ్యాహ్నం. ఆ ఎరుపు వెలుగుకి వసారా గోడలు కూడా ఎర్రబడ్డట్టు ఉన్నాయి.

ఫోన్ మోగింది. ఆత్మకూరు అక్క.

"ఆ ఎర్ర చీర కోసినావా?"

"లేదక్కా. కత్తెర చేతిలోనే ఉండాది."

"కింద పెట్టు తల్లీ. ఆయన మెసేజీ కడాకు విను. తొందర లేకుండా విను. పార్సిల్ ఎప్పుడు పంపినాడో చూద్దామని నేను విన్నాను."

విన్నాను, మామూలు వేగంతో. ఆయన మాటలు అయిపోయాయి. ఫోన్ ఆపడం మర్చిపోయినట్టున్నాడు. ఎక్కడో గిన్నెల చప్పుడు, కోడి కూత. దూరంగా ఒక ఆడగొంతు: "నా ఎర్ర చీర కనపడలా. ఎవురన్నా చూసినారా?" దానికి ఆయన "ఆ... ఆ... చూస్తాలే" అని నీళ్ళు నమలడం. అక్కడితో అయిపోయింది.

ఇద్దరం ఫోన్‌లోనే నవ్వాం. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాను నేను.

ఆయనతో అక్కే మాట్లాడింది. బీరువాలో అడుగున ఉంది కాబట్టి కట్టుకోదని అనుకున్నానన్నాడట. "అడుగున పెట్టుకుంటే ఇష్టం లేక కాదయ్యా, ఇష్టం ఉండే" అని చెప్పిందట అక్క. ఇంటామెకు చెప్పేయమంది. చెప్పక ఆయనకు వేరే దారి లేకపోయింది.

మర్నాడు ఇంటామే నాకు ఫోన్ చేసింది. కోపంగా ఉంటుందనుకున్నాను. గొంతులో నవ్వు దాచుకుని మాట్లాడింది. "ఆ ఎర్ర చీర పంపించేయండి మా. తక్కినవి కుట్టుకోండి. దాని బదులు ఆయన కొన్న పచ్చ చీర ఒకటి పంపిస్తా. ఆ రంగు చూస్తే నాకు కడుపులో తిప్పతాది. దాన్ని నడిమధ్యన పెట్టండి, ఆయనకు రోజూ కనపడాల."

"సరేమ్మా. కొలత ఆయన చెప్పిందేనా?"

"ఇంకొంచెం పెద్దది కుట్టండి. ఇద్దరికీ సరిపోవాల గదా."

ఆ పచ్చ చీర వచ్చింది. నిజంగానే చూడలేని రంగు. కాని చుట్టూ మిగతా చీరలు పడేసరికి, ఎండాకాలం మధ్యలో వరిమడి కనపడ్డట్టు ఒదిగిపోయింది. ఆ బొంత కుట్టిన రోజుల్లో నేను ఎంత నెమ్మదిగా ఉన్నానో చెప్పలేను. అంచు నుంచి లోపలికి పోయే కొద్దీ, వాళ్ళిద్దరి ఇంట్లోకి ఒక్కో గదీ దాటి పోతున్నట్టు ఉండేది.

ఆ బొంత పంపించాక అక్కతో అన్నాను. "చీరల మాటలు కూడా నువ్వే విను."

"అన్నీనా?"

"అన్నీ విను. నేను తప్పకుండా వినాల్సింది ఉంటే చెప్పు. అది నేనూ వింటా."

అప్పటినుంచి అదే పద్ధతి. పొద్దు గూకే ముందు ఆమె ఫోన్ చేస్తుంది. ఎవరెవరు ఏమేం చెప్పారో, కొంచెం వాళ్ళ గొంతులు అనుకరిస్తూ, చెబుతుంది. నేను మూలల రాళ్ళు సర్దుకుంటూ వింటాను. మధ్యలో ఆగి, "ఇది మాత్రం నువ్వు వినాల" అంటుంది. వాటిని నేను పని ఆపి, చేతులు ఖాళీగా పెట్టుకుని, ఆ మనిషి వేగంతోనే వింటాను. ముందే ఎందుకు పెట్టుకోలేదని మా ఆడబిడ్డ దెప్పుతుంది. పని ఎంత ఉంటే మనిషిని పెట్టుకోవాలని ఆలోచించినంతకాలం నాకు ఏమీ తేలలేదు. నేను చేయాల్సిన పని నా చేతిలోంచి జారిపోయిందని తెలిసిన రోజే తెలిసింది. ఇంకొకరికైతే ఇంకోలా తెలుస్తుందేమో.

చాలాకాలం ఆమె మొహం నేను చూడలేదు. మొన్నొకసారి దారం కోసం ఆత్మకూరు పోయి, బస్టాండు నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసిన మనిషికీ నేను విన్న గొంతుకీ పొంతన కుదరక గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె కూడా నన్ను ఎగాదిగా చూసింది.

"పొడుగ్గా ఉంటావనుకోలా నువ్వు" అంది.

కూర్చున్నాం. రోజూ అన్నన్ని మాటలు చెప్పుకునే వాళ్ళం ఎదురెదురుగా ఏం మాట్లాడాలో తెలియక సిగ్గుపడ్డాం. ఆమె అన్నం పెట్టింది, గోంగూర పచ్చడి వేసింది. తిన్నాక మంచం చూపించి కాసేపు నడుం వాల్చమంది. వద్దంటూనే పడుకున్నాను. పక్క గదిలో ఫోన్ మోగింది. ఆమె తీసింది. నా బొంతల గురించి ఎవరితోనో చెబుతోంది. నూలు చీరలైతే మెత్తగా వస్తాయమ్మా, పట్టువి పైన వేసుకోండి, తొందరేం లేదు. ఆ మాటలు గోడ అవతల నుంచి వస్తున్నాయి. ఫ్యాను గాలికి కిటికీ పరదా లేచి పడుతోంది. వీధిలో దర్గాకు పోయే వాళ్ళ ఆటో ఒకటి ఆగి, మళ్ళీ కదిలింది. అందులో దేనికీ నేను జవాబు చెప్పక్కర్లేదు. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

లేచేసరికి ఎండ చల్లబడింది. ఆమె టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఒకామె నీతోనే మాట్లాడాలని అడిగింది. నిద్రపోతా ఉండాది, లేసినాక చెప్తా అన్నా."

"అయ్యో, లేపలేకపోయినావా అక్కా. ఏమన్నది ఆమె?"

"పడుకోనీమన్నాది" అని టీ నా చేతికిచ్చింది.